ఆఫీసులో ‘అతి సున్నితం’ అనిపించుకునే వారికి ఆ స్వభావం ఎక్కడ అక్కరకొస్తుంది?

రుషికొండ_మెట్లు

మా ఆఫీసు రుషికొండ ఐటీ కొండ మీద ఉంది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ బృందంలో పని చేస్తున్నాను. ఈ ఏడాది అప్రైజల్‌లో మా మేనేజర్ నా పనిని మెచ్చుకుంటూనే, చివర్లో ‘ప్రతి చిన్న విషయమూ మనసుకు పట్టించుకుంటుంది, కాస్త గట్టిపడాలి’ అని రాశారు. విడుదలకు ముందు ఎవరి కంటా పడని లోపాలను నేను పట్టుకున్నానని అదే కాగితం పై భాగంలో ఆయనే రాశారు. ఈ రెండు వాక్యాలూ ఒకే స్వభావం గురించి రాసినవన్న సంగతి ఆయనకు తట్టలేదేమోనని నా బాధ.

ఒక ఉదాహరణ చెబుతాను. చెల్లింపు రసీదులను పరీక్షిస్తున్నప్పుడు ఒకదాన్ని చూడగానే ఏదో తేడాగా ఉందనిపించింది కానీ, ఏమిటో వెంటనే తెలియలేదు. దాన్ని పక్కన పెట్టలేక మళ్లీ మళ్లీ చూస్తే, అర్ధరాత్రి దాటాక తెల్లవారుజామున అయిదున్నర లోపు చేసిన చెల్లింపులన్నిటికీ ముందురోజు తేదీ పడుతోందని తేలింది. సర్వరు గడియారం గ్రీనిచ్ సమయంలో నడుస్తోంది, మన సమయం దానికంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. పగటిపూట పరీక్షించిన వారెవరికీ అది కనిపించే అవకాశమే లేదు.

మా హాలులో అడ్డుగోడలు లేవు. పక్క బృందం వారు స్పీకర్ ఫోనులో మాట్లాడతారు, నా నెత్తి మీదే ఏసీ హోరు, సాయంత్రానికి తల దిమ్మెక్కిపోతుంది. ఎవరైనా ఎవరినైనా గట్టిగా కసిరితే, అది నన్ను కాకపోయినా, చాలాసేపు నా పని ముందుకు సాగదు. ఈ స్వభావాన్ని వదిలించుకోవలసిన లోపంగానే చూడాలా, లేక ఉద్యోగంలో దీనికి నిజంగా విలువ ఉందా? ఉంటే ఆ మాట పైవారికి ఎలా చెప్పాలి? అనుభవం ఉన్నవారు దయచేసి రాయండి.

ఖాతా_పుస్తకం

నేను బ్యాంకులో కౌంటరు మీద కూర్చుంటాను. నెల మొదటి వారంలో పింఛనుదారుల రద్దీ ముగిసేసరికి ఎవరైనా పలకరించినా జవాబు చెప్పే ఓపిక మిగలదు. ‘ముట్టుకుంటే కందిపోతావు’ అని మా శాఖలో నాకు పేరు. మీ ప్రశ్నకు వచ్చే జవాబుల కోసం నేనూ ఎదురుచూస్తున్నాను.

వాల్తేరు_పాఠం

నేను డిగ్రీ విద్యార్థులకు మనస్తత్వశాస్త్రం బోధిస్తాను కనుక ముందుగా ఈ విషయం పునాది చెబుతాను. ఎలైన్ ఆరన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1990లలో ఈ స్వభావాన్ని విడిగా పరిశీలించడం మొదలుపెట్టారు. 1996లో ఆమె పుస్తకం వచ్చింది, 1997లో భర్త ఆర్థర్ ఆరన్‌తో కలిసి రాసిన పరిశోధన పత్రం వెలువడింది. దీన్ని కొలవడానికి వారు తయారుచేసిన ప్రశ్నావళిలో 27 ప్రశ్నలు ఉన్నాయి. జనాభాలో 15 నుంచి 20 శాతం మందికి ఈ స్వభావం ఉంటుందని ఆమె అంచనా వేశారు.

ఆమె నాలుగు లక్షణాలు చెప్పారు. ఏ విషయాన్నయినా లోతుగా ఆలోచించడం, ఎక్కువ హడావుడి ఉన్నచోట త్వరగా అలసిపోవడం, భావాలకు గాఢంగా స్పందిస్తూ ఎదుటివారి మనసును పసిగట్టడం, చిన్న చిన్న తేడాలను గుర్తించడం అన్నవి ఆ నాలుగు. రుషికొండ మెట్లు గారి రసీదు కథలో మొదటిదీ చివరిదీ ఉన్నాయి, సాయంత్రపు తలనొప్పిలో రెండోది ఉంది. ఈ నాలుగూ కలిసే వస్తాయన్నది ఆరన్ వాదన. ఇది జబ్బు కాదు, ఏ వైద్య వర్గీకరణలోనూ దీన్ని రుగ్మతగా చేర్చలేదు. సిగ్గరితనమూ కాదు. ఈ స్వభావం ఉన్నవారిలో సుమారు 30 శాతం మంది నలుగురితో కలిసిపోయేవారేనని ఆమే రాశారు.

గాజువాక_కొలిమి

నేను ఉక్కు పరిశ్రమలో షిఫ్టు ఇన్‌చార్జిని. ఎవరినీ నొప్పించాలని కాదు కానీ, నాకొక అభ్యంతరం ఉంది. ప్రతి స్వభావానికీ ఒక పేరు పెట్టి, ఆ పేరు చూపించి ప్రత్యేక మర్యాద అడిగితే పని నడవదు. కరిగిన లోహం లాడిల్‌లో, అంటే దాన్ని మోసే పెద్ద పాత్రలో, ఉన్నప్పుడు నేను ‘కాస్త పక్కకు జరుగుతారా’ అని మృదువుగా అడగలేను, అరవాలి. ఆ అరుపు మనిషి ప్రాణం కాపాడటానికి. సి షిఫ్టులో తెల్లవారుజామున మూడు గంటలకు అందరి ఓపికా చివరికి వచ్చేసి ఉంటుంది. అక్కడ ఒకరు నా మాటకు నొచ్చుకుని కూర్చుంటే మిగిలినవారి మీద భారం పడుతుంది. మీ మేనేజర్ రాసిన మాటలో కొంత న్యాయం ఉందనే అనుకుంటున్నాను.

సింధియా_రేవు

కొలిమి గారూ, నాదీ ఇనుముతో పనే. ఓడల మరమ్మతుల్లో మెకానికల్ సూపర్‌వైజర్‌గా చాలాకాలంగా ఉన్నాను. మా దగ్గర ఒక యువ ఫిట్టర్ ఉన్నాడు. క్యాంటీన్‌లో అందరితో కలిసి తినలేడు, ఆ గోలకు దూరంగా క్యారేజీ పట్టుకుని రేవు చివర నీడకు వెళ్లి కూర్చుంటాడు. మొదట్లో అందరూ పొగరనుకున్నారు.

ఒకరోజు ఇంజిన్ రూములో సముద్రపు నీటిని తోడే పంపును మరమ్మతు చేసి, నడిపి చూస్తున్నాము. పీడనం సరిగ్గా ఉంది, కరెంటు సరిగ్గా తీసుకుంటోంది, బేరింగు మీద చెయ్యి పెడితే వేడి లేదు. సంతకం పెట్టడానికి కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. ఆ అబ్బాయి మాత్రం కదలలేదు. పొడవాటి స్క్రూడ్రైవరు మొనను బేరింగు హౌసింగు మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. తర్వాత మోటారునూ పంపునూ కలిపే కప్లింగు వైపు వెళ్లి అక్కడా విన్నాడు. ‘సార్, ఆగి ఆగి ఒక గీరుడు వస్తోంది, మోటారు వైపు కాదు, పంపు వైపే’ అన్నాడు. నేను విన్నాను కానీ నాకు మామూలు హోరే వినిపించింది. విప్పి చూస్తే బేరింగు బయటి రింగు మీద గోటి మొనంత పొక్కు లేచి ఉంది. అది సముద్రంలోకి వెళ్లాక పాడైతే ఓడలో ఉన్నవారి పరిస్థితి ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు.

అందరికీ ఒకే హోరుగా వినిపించే చోట రెండు వేర్వేరు శబ్దాలు వినగలిగే చెవికి క్యాంటీన్ గోల కూడా రెండింతలుగానే తగులుతుంది కదా. ఒకటి కావాలి, రెండోది వద్దు అంటే కుదిరే పని కాదని నా అభిప్రాయం.

గాజువాక_కొలిమి

మీరు చెప్పింది అనుభవం, చెవికి వచ్చిన సాధన. దానికి సున్నితత్వమని పేరెందుకు? మా ఫర్నేసు దగ్గర పాతకాపులు మంట రంగు చూసి లోపలి సంగతి చెప్పేస్తారు. వారిలో ఒక్కరు కూడా మాటకు నొచ్చుకునే రకం కాదు.

వాల్తేరు_పాఠం

కొలిమి గారి ప్రశ్న న్యాయమైనది. సాధన వల్ల ఎవరికైనా చూపు, వినికిడి పదునెక్కుతాయి. సున్నితత్వం ఉన్న ప్రతివారూ నిపుణులు కారు. ఇంకో సంగతి కూడా నిజాయితీగా చెప్పాలి. ఈ ప్రశ్నావళిలో ఎక్కువ మార్కులు వచ్చినవారికి, ఆందోళన పడే స్వభావాన్ని కొలిచే ప్రశ్నల్లో కూడా కొంత ఎక్కువే వస్తాయి. ఈ రెండింటినీ ఎంతవరకు విడదీయగలమన్న చర్చ పరిశోధకుల్లో ఉంది. పైగా మనిషి తన గురించి తాను చెప్పుకునే జవాబుల మీదే ఈ కొలత ఆధారపడుతుంది.

అయినా కొట్టిపారేయలేని ఆధారాలున్నాయి. 2014లో బియాంకా అసెవెడో బృందం 18 మంది మెదళ్లను స్కాన్ చేస్తూ, వారికి జీవిత భాగస్వాముల, అపరిచితుల ముఖాల ఫొటోలు చూపించింది. సున్నితత్వం ఎక్కువ ఉన్నవారిలో ఇతరుల భావాలను గ్రహించడానికీ, పరిసరాల స్పృహకూ సంబంధించిన భాగాలు ఎక్కువ చురుకుగా పనిచేశాయి. సంఖ్య చిన్నది కనుక ఆ మేరకే నమ్ముదాం. కవలల మీద జరిగిన మరో అధ్యయనంలో ఈ స్వభావంలోని తేడాలకు సుమారు 47 శాతం వంశపారంపర్యం కారణమని తేలింది. అంటే ‘గట్టిపడు’ అన్న ఒక్క మాటతో మారే విషయం కాదు.

ఉద్యోగాల విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది మైకేల్ ప్లూయస్ చేసిన పని. సున్నితమైనవారు చెడు వాతావరణంలో ఎక్కువ దెబ్బతింటారన్నది అందరికీ తెలిసిందే. మంచి వాతావరణంలో మిగతావారికంటే ఎక్కువ లాభపడేది కూడా వారేనని ఆయన వాదన. ఇంగ్లండులో ఒక బడిలో కుంగుబాటు రాకుండా బాలికలకు ఇచ్చిన శిక్షణను పరిశీలించి 2015లో ప్రచురించిన పత్రంలో, ఆ శిక్షణ ఫలితం సున్నితత్వం ఎక్కువ ఉన్న బాలికల్లోనే కనిపించింది, తక్కువ ఉన్నవారిలో కనిపించలేదు. అదే తర్కంతో, మంచి మేనేజరు పెట్టే శ్రద్ధకు ఎక్కువ ఫలితం ఎవరి దగ్గర వస్తుందో ఆలోచించండి.

ల్యాబ్_కోటు

నేను పరవాడ వైపు ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో సమీక్షకురాలిని. మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద విశ్లేషకులు నడిపిన నమూనాల క్రోమాటోగ్రాములన్నీ, అంటే ఆ యంత్రం గీసే గీతల పటాలన్నీ, నా దగ్గరకు వస్తాయి. రోజంతా గీతలు చూడటమే నా పని. ప్రధాన శిఖరం తోక భాగంలో భుజంలాంటి చిన్న వంపు కనిపిస్తే, అది యంత్రంలో పదార్థాలను విడదీసే గొట్టం (కాలమ్) పాతబడటం వల్ల వచ్చిందా, లేక అక్కడ ఇంకో పదార్థం దాక్కుని ఉందా అన్నది తేల్చాలి. సాఫ్ట్‌వేర్ లెక్క ప్రకారం అన్నీ హద్దుల్లోనే ఉన్నా, నిన్నటి గీతకూ ఇవాళ్టి గీతకూ పోలిక కుదరకపోతే నాకు ఊరట ఉండదు. ఆ ఊరట లేకపోవడమే నా ఉద్యోగానికి ఆధారం. నేను వెనక్కి పంపిన కాగితాల్లో కొన్నిటికి కారణం దొరుకుతుంది, కొన్నిటికి దొరకదు. దొరకని వాటి గురించి విశ్లేషకులు విసుక్కోవడం సహజమే.

మందు వేసుకునే మనిషి నాకు కళ్ల ముందు కనిపిస్తూ ఉంటాడు. ఎక్కడో ఒక తల్లి తన బిడ్డకు ఈ మాత్ర ఇస్తుందన్న ఊహ నాకు బలవంతంగా తెచ్చుకునేది కాదు, దానంతట అదే వస్తుంది. మా తనిఖీ నియమాలన్నీ ఏ ఊహను ఉద్దేశించి రాశారో అది నాకు పుట్టుకతోనే ఉంది.

ఇక కష్టం సంగతి. తనిఖీదారులు వచ్చి నా కుర్చీ వెనక నిలబడితే, రోజూ కళ్లు మూసుకుని తెరిచే ఫైలు కూడా దొరకదు. ఎవరైనా గమనిస్తుండగా పని చేయవలసి వస్తే తడబడతారా అని వాల్తేరు పాఠం గారు చెప్పిన ప్రశ్నావళిలోనే ఒక ప్రశ్న ఉంది. నాకు పనికొచ్చిన ఉపాయం ముందస్తు అభ్యాసమే. తనిఖీకి ముందు మా సహోద్యోగినిని వెనక నిలబెట్టి, ప్రశ్నలు అడగమని చెప్పి, అదే ఫైలును అదే వరుసలో తెరిచి చూపిస్తాను. మొదటి ప్రశ్నకు చెయ్యి వణకకుండా ఉంటే తర్వాతివన్నీ సాఫీగా జరిగిపోతాయి.

రుషికొండ_మెట్లు

‘ఆ ఊరట లేకపోవడమే నా ఉద్యోగానికి ఆధారం’ అన్న వాక్యాన్ని రాసి పెట్టుకున్నాను. వాల్తేరు పాఠం గారూ, ఒక సందేహం. 15 నుంచి 20 శాతమని ముందు రాశారు. నేను వేరేచోట 30 శాతానికి పైగా అని చదివాను. ఏది సరి?

వాల్తేరు_పాఠం

గీత ఎక్కడ గీస్తామన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. 2018లో వచ్చిన ఒక అధ్యయనం మనుషులను మూడు వర్గాలుగా చూసింది. సున్నితత్వం ఎక్కువ ఉన్నవారు 31 శాతం, మధ్యస్థంగా ఉన్నవారు 40 శాతం, తక్కువ ఉన్నవారు 29 శాతం అని లెక్క తేలింది. అందరిలోనూ ఎంతో కొంత ఉండేదే ఇది, ఎత్తులో తేడాలున్నట్టుగా దీనిలోనూ తేడాలుంటాయి.

ఖాతా_పుస్తకం

ఈ జవాబులు చదివాక నా దగ్గర జరిగినది ఒకటి రాయాలనిపించింది. ఖాతాదారు ఎవరో తెలియకుండా రాస్తున్నాను.

పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన వచ్చి ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువుకు ముందే రద్దు చేసి, డబ్బు వేరే ఖాతాకు పంపాలన్నారు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి, సంతకం కలిసింది. కారణం అడిగితే ‘ఇంటి పని’ అన్నారు. అయితే నేను ఏ ప్రశ్న అడిగినా ఆయన చూపు ముందు చొక్కా జేబు మీదకు వెళ్లి, ఆ తర్వాతే జవాబు వస్తోంది. జేబులో ఫోను ఉంది, దాని తెర వెలుగుతోంది. ఏసీ గదిలోనూ ఆయన మెడ చెమటతో తడిసి ఉంది. వెనక వరుస పెద్దది, అందరూ విసుక్కుంటున్నారు. నాకు గుండె దడ మొదలైంది. ఆ దడ నాది కాదనీ, ఆయనదేననీ నాకు అనిపించింది.

ఒక చీటీ మీద ‘ఎవరైనా ఫోనులో వింటున్నారా? అవునంటే తల ఊపండి’ అని రాసి ముందుకు జరిపాను. ఆయన తల ఊపారు. మేనేజరుగారి గదిలోకి తీసుకెళ్లి ఫోను కట్ చేయించి మాట్లాడితే, పోలీసు అధికారులమని చెప్పుకున్నవారు ముందురోజు సాయంత్రం నుంచీ ఆయన్ను ‘డిజిటల్ అరెస్ట్’లో ఉంచామని బెదిరిస్తున్నారని తెలిసింది. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు అక్కడి నుంచే ఫోను చేయించాము. ఆయన డబ్బు నిలిచింది.

మా శాఖలో నాకంటే చురుకైనవారు ఉన్నారు, వరుసను నాకంటే త్వరగా నడిపిస్తారు. ఎంత మందిని పంపించామన్న లెక్క మాత్రమే రాస్తే నేను ఎప్పుడూ వెనకే ఉంటాను. నేను ఆ ప్రశ్న అడగకపోయి ఉంటే ఎవరి డబ్బు పోయి ఉండేదో ఏ పట్టికలోనూ రాదు.

బీచ్‌రోడ్డు_రిసెప్షన్

సున్నితమైనవారైనా నలుగురితో కలిసిపోతారన్న ఆ 30 శాతంలో నేనొకడిని. హోటల్ ముందు డెస్కులో ఉంటాను, గలగలా మాట్లాడతాను, అతిథులంటే నిజంగానే ఇష్టం. తలుపు తోసుకుని వచ్చే తీరు చూడగానే ఎవరు గొడవ పడబోతున్నారో, ఎవరు ప్రయాణంలో నలిగి వచ్చారో తెలిసిపోతుంది. గొడవ పడేవారికి ముందు కుర్చీ, మంచినీళ్లు, ఆ తర్వాతే ఐడీ కార్డు. డ్యూటీ దిగాక మాత్రం టీవీ చప్పుడు కూడా సహించలేను. నన్ను సున్నితమైనవాడని ఎవరూ అనుకోరు కాబట్టి, ఎవరూ ఆ విశ్రాంతి ఇవ్వరు. మా ఇంట్లోవారికి ఈ చర్చ చూపించబోతున్నాను.

రాత్రి_డ్యూటీ

నేను ఐసీయూ నర్సును. నా అనుభవం కొంచెం వేరుగా ఉంది కనుక జాగ్రత్తగా రాస్తాను. రోగి మానిటరు ఇంకా ఏమీ చెప్పకముందే, మనిషిలో మార్పు కనిపించే సందర్భాలు ఉంటాయి. అప్పటిదాకా దుప్పటి సర్దుకుంటూ ఉన్న చెయ్యి ఊరికే పక్కన పడి ఉండటం, మాటకు జవాబు కాస్త ఆలస్యంగా రావడం వంటివి. అలాంటప్పుడు నేను డాక్టరును పిలుస్తాను. ఏమీ లేదని తేలిన రోజులు ఉన్నాయి, పిలిచినందుకు అందరూ ఊపిరి పీల్చుకున్న రోజులూ ఉన్నాయి.

అయితే ఈ స్వభావాన్ని బలం అని పొగిడి వదిలేస్తే మాలాంటివారికి అన్యాయం జరుగుతుంది. ‘ఆమెకు ఓపిక ఎక్కువ’ అంటూ ఏడ్చే బంధువులందరినీ నా దగ్గరకే పంపిస్తారు. చావు కబురు చెప్పవలసి వచ్చినప్పుడు డాక్టరు పక్కన నిలబడేది ఎప్పుడూ నేనే. ఒకరికి బాగా వచ్చిన పని వారికి ఖర్చు లేకుండా వస్తుందని అనుకోకూడదు. మా వార్డులో ఇప్పుడు ఆ బాధ్యతను వంతులవారీగా పంచుకుంటున్నాము. కొత్త పిల్లలకు కూడా ఆ నేర్పు అబ్బుతోంది, నాకు కూడా కొంత భారం తగ్గింది.

ఇంకొక మాట. నిద్ర పట్టకపోవడం, రోజుల తరబడి ఏడుపు, ఆకలి పోవడం వంటివి ఉంటే దాన్ని స్వభావం అని సర్దుకోవద్దు. అది వైద్యుడు చూడవలసిన విషయం. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

గాజువాక_కొలిమి

బ్యాంకు చీటీ సంగతి చదివి చాలాసేపు ఆలోచించాను. నా అభ్యంతరం ఇప్పుడు వేరే చోట నిలబడింది. పసిగట్టడం వేరు, పసిగట్టినది పైకి చెప్పడం వేరు. ఆ ఫిట్టరు చెప్పాడు, ఆ బ్యాంకు అమ్మాయి చీటీ రాసింది, నర్సమ్మ డాక్టరును పిలిచింది. గమనించి కూడా, ఎవరేమనుకుంటారోనని నోరు మెదపనివారు మా షిఫ్టులో ఉన్నారు. ప్రమాదం తప్పాక ‘నాకు ముందే అనిపించింది సార్’ అంటారు. పైకి రానంతవరకు ఆ గ్రహింపు ఎవరికీ ఉపయోగపడదు. పని ప్రదేశంలో బలం అనాలంటే అది నోటి వరకు రావాలి. శబ్దం విషయానికి వస్తే, ఎనిమిది గంటల షిఫ్టుకు 90 డెసిబెల్స్ అన్న పరిమితి ఫ్యాక్టరీ నియమాల్లో అందరికీ ఉంది, చెవి రక్షణ కూడా సున్నితం, మొరటు అన్న తేడా లేకుండా అందరూ పెట్టుకోవలసిందే.

సింధియా_రేవు

మీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే నోటి వరకు రావడం వినేవాడి ముఖం మీద కూడా ఆధారపడుతుంది. ఆ అబ్బాయి మొదటిసారి ఏదో చెప్పబోతే ‘నీకన్నీ అనుమానాలే’ అని ఎవరైనా కసిరి ఉంటే, పంపు సంగతి నాకు చెప్పేవాడా? మా దగ్గర ఇప్పుడు ఒక పద్ధతి ఉంది. రుజువు లేకపోయినా సరే, ‘అనుమానం’ అని లాగ్‌బుక్కులో ఒక వరుస రాయవచ్చు. నలుగురిలో మాట్లాడలేనివాడు కూడా పెన్ను పట్టుకోగలడు. పరిశీలించి సంతకం పెట్టవలసిన బాధ్యత నాది.

గాజువాక_కొలిమి

లాగ్‌బుక్కు పద్ధతి బాగుంది. షిఫ్టు మార్పిడి పుస్తకంలో ఒక గడి పెంచమని మా వాళ్లతో మాట్లాడతాను.

పదిమందికి_పెద్ద

నేను ఒక ఐటీ బృందానికి మేనేజరును. రుషికొండ మెట్లు గారి రెండో ప్రశ్నకు, అంటే పైవారికి ఎలా చెప్పాలన్నదానికి, కుర్చీకి ఇవతలి వైపు నుంచి జవాబు రాస్తాను.

‘నేను అతి సున్నిత స్వభావిని’ అన్న పేరుతో సంభాషణ మొదలుపెట్టవద్దు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ఈ స్వభావం వాటిలో లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. కనుక దాన్ని హక్కుగా అడగలేరు. పని లెక్కలో అడగవచ్చు. ఏ మేనేజరుకైనా విడుదల తర్వాత బయటపడే లోపమంటే భయం. మీరు పట్టుకున్న లోపాల జాబితా తీయండి. ప్రతిదాని పక్కన, అది ఎలాంటి పరిస్థితిలో దొరికిందో రాయండి. ఉదయం నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఎక్కువ దొరికాయని తేలితే, ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది. ‘లోతైన పరీక్షలు చేసేటప్పుడు ఉదయం రెండు గంటలు చివరి వరుసలో కూర్చుంటాను, ఆ సమయంలో చాట్ చూడను, అత్యవసరమైతే ఫోను చేయండి’ అని అడగండి. స్పష్టమైన, చిన్న కోరికను కాదనడం కష్టం. ‘నాకు గోల పడదు’ అంటే మాత్రం ఎవరికీ ఏం చేయాలో తోచదు.

విమర్శ విషయంలోనూ ఇదే దారి. సమావేశానికి ముందే రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. ఒకసారి ఒంటరిగా చదువుకుని వచ్చిన మనిషి, విమర్శను మిగతావారికంటే బాగా వాడుకుంటాడు. నా బృందంలో సమీక్షలో రాసిన మాటను అక్షరం పొల్లుపోకుండా ఆచరణలో పెట్టేది అలాంటివారే.

‘గట్టిపడాలి’ అన్న మాట అప్రైజల్ కాగితంలో ఉండదగినది కాదని నా ఖచ్చితమైన అభిప్రాయం. ఏ పనిలో, ఏ సందర్భంలో, ఏమి మారాలో చెప్పని వ్యాఖ్యతో ఉద్యోగి ఏమీ చేయలేరు. దానికి ఉదాహరణ చూపమని మర్యాదగా అడగండి.

వాల్తేరు_పాఠం

పెద్ద గారు చెప్పినదానికి ఒక అనుబంధం. సున్నితమైన మనిషిని మెచ్చుకోవడమా, తక్కువ చేయడమా అన్నది చాలావరకు చుట్టూ ఉన్న సమాజం నిర్ణయిస్తుంది. 1992లో వచ్చిన ఒక పరిశోధన షాంఘై, కెనడా బడిపిల్లలను పోల్చింది. సిగ్గరులు, సున్నితమైనవారు అయిన పిల్లలను కెనడాలో తోటివారు దూరం పెట్టారు. షాంఘైలో అలాంటి పిల్లలనే తోటివారు ఇష్టపడ్డారు. చైనా ఆర్థిక వ్యవస్థ మారి పోటీ పెరిగాక, 2002లో అలాంటి పిల్లల పరిస్థితి చూస్తే తిరగబడింది, అక్కడా వారిని పక్కకు నెట్టడం మొదలైంది. ఆఫీసు కూడా ఒక చిన్న సమాజమే కనుక, అక్కడ దేనికి విలువ ఇవ్వాలో పెద్ద కుర్చీల్లో ఉన్నవారు మార్చగలరు.

రుషికొండ_మెట్లు

అందరి సలహాలు పాటించి మా మేనేజరుతో మాట్లాడాను. లోపాల జాబితా పట్టుకుని వెళ్లాను. ఉదయం పూట చివరి వరుసలో కూర్చోవడానికి ఒప్పుకున్నారు. వ్యాఖ్యలు ముందుగా రాసి పంపడానికి కూడా అభ్యంతరం లేదన్నారు. శుక్రవారం అందరితో జరిగే సమావేశం మాత్రం యథాతథమే, అందులో మినహాయింపు లేదన్నారు, నేనూ పట్టుపట్టలేదు. ‘గట్టిపడాలి’ అన్నదానికి ఉదాహరణ అడిగితే, కొంతసేపు ఆలోచించి, ఒక డెవలపరు వాదించినప్పుడు నేను సరైన లోపాన్ని కూడా వెనక్కి తీసుకున్న సందర్భం చెప్పారు. అది నిజంగా జరిగినదే, కొలిమి గారు చెప్పిన నోటి వరకు రావాలన్న మాటే. ఆయన అసలు చెప్పదలచుకున్నది ఇదని నాకు ఆ కాగితం చదివితే తెలియలేదు.

చివర్లో ఆయన వచ్చే ఏడాది టీమ్ లీడ్ బాధ్యత గురించి ఆలోచించమన్నారు. నాకు సంతోషం కంటే భయమే ఎక్కువగా ఉంది. నలుగురి బాధలూ మోసుకుంటూ నిలబడగలనా?

పదిమందికి_పెద్ద

నిలబడగలరు. రెండు చోట్ల జాగ్రత్త పడండి. మొదటిది, కష్టమైన మాట వాయిదా వేయడం. ఎదుటివారి ముఖం వాడిపోతుందని తెలుసు కనుక మీరు చెప్పకుండా ఆగుతారు, ఆ ఆలస్యం వల్ల వారికే ఎక్కువ నష్టం జరుగుతుంది. చెప్పవలసినది ముందు కాగితం మీద రాసుకుని, అదే రోజు చెప్పేయండి. రెండోది, అందరి పనినీ మీ నెత్తిన వేసుకోవడం. రాత్రి డ్యూటీ గారి వంతుల పద్ధతి ఇక్కడా పనిచేస్తుంది. ఇక మీకు ఉన్న గొప్ప అనుకూలత ఏమిటంటే, సమావేశంలో మౌనంగా ఉండిపోయిన మనిషి మీ కంట పడతాడు. మంచి ఉద్యోగులు రాజీనామా చేసే ముందు చాలాకాలం అలాగే మౌనంగా ఉంటారు.

మధురవాడ_ఫ్రెషర్

ఈ చర్చ మొత్తం చదివాను. నేను ఈ ఏడాదే చదువు పూర్తిచేసి ఇంటర్వ్యూలకు వెళ్తున్నాను. ‘మీ బలహీనత ఏమిటి’ అని అడిగితే ‘సున్నితమైన మనసు’ అని చెప్పవచ్చా? నిజమే చెప్పాలని ఉంది, కానీ ఉద్యోగం పోగొట్టుకుంటానేమోనని భయంగా ఉంది.

ల్యాబ్_కోటు

చెప్పవద్దు తమ్ముడూ, ఆ మాట వినగానే ఎవరికి తోచిన అర్థం వారు తీసుకుంటారు. దానికి బదులు జరిగిన సంగతి చెప్పు. ప్రాజెక్టులోనో, ల్యాబ్‌లోనో అందరూ దాటిపోయిన ఒక తేడాను నువ్వు గమనించిన సందర్భం ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఏం చూశావు, ఎవరికి చెప్పావు, చివరికి ఏం తేలింది అన్నది వరుసగా చెప్పు. బలహీనత అడిగితే, ‘ఎవరైనా వెనక నిలబడి చూస్తుంటే మొదట్లో వేగం తగ్గుతుంది, అందుకని ముందుగా సాధన చేసుకుని వస్తాను’ అను. అది నిజమే, పైగా దానికి నువ్వు చేస్తున్న పని కూడా అందులోనే ఉంది. ఇంటర్వ్యూకి పది నిమిషాలు ముందు వెళ్లి ఆ గదినీ మనుషులనూ ఒకసారి చూసుకో, కొత్త చోటుకు అలవాటు పడటానికి మనలాంటివారికి ఆ కాస్త సమయం కావాలి.